ఏడు చుక్కల సిరాబుడ్డి

రేపల్లెలోని ఒక పఠనమందిరానికి కార్యదర్శిగా ఉన్న శ్యాంప్రసాద్ ఏప్రిల్ రెండో వారంలో తెనాలిలోని మా ఇంటికి వచ్చి, ఒక సిరాబుడ్డిని పరీక్షించి, అది ఎక్కడిదో, ఏనాటిదో కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మని అడిగారు. నేను ఇక్కడి కాన్వెంటు బడిలో ముప్పై నాలుగేళ్లు చరిత్ర చెప్పాను. అంతకు ముందు చదువుకున్నదీ ఆ బడిలోనే. పాత వస్తువుల మీద తయారీదారులు వేసిన గుర్తులు చదవడం అక్కడి సిస్టర్ల దగ్గర అబ్బిన అలవాటు. చాపెల్‌లోని వెండి గిన్నెల అడుగున సింహం, లంగరు ముద్రలుండేవి. అవేమిటో చెప్పగలిగిన పిల్లకే వాటిని తుడిచే పని అప్పగించేవారు. పదవీ విరమణ తరువాత ఒకసారి కోర్టువారు ఒక గోడగడియారం వయసు విషయంలో నా అభిప్రాయం తీసుకున్నారు. అప్పటి నుంచి ఇలాంటి పనుల మీద ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.

"ఎప్పటికి కావాలి?" అని అడిగాను.

"సోమవారానికి కావాలండి మేడమ్. పోలీసు కంప్లయింటుకి జత చెయ్యాలి."

కంప్లయింటు ఎవరి మీద అని అడిగితే ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆ మందిరాన్ని స్థాపించినవారు శ్యాంప్రసాద్ తాతగారు, బాబూరావు పంతులు అనే వకీలు. ఆయన కళ్లజోడు, చేతికర్ర, ప్రయాణపు సిరాబుడ్డి అక్కడ ఒక అద్దాల బీరువాలో ఉంటాయి. ప్రయాణపు సిరాబుడ్డి అంటే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఇత్తడి డబ్బా. మీట నొక్కితే పైమూత స్ప్రింగుతో లేస్తుంది. దాని కింద మరతో బిగించే రెండో మూత, ఆ కింద గాజు బుడ్డి ఉంటాయి. రైలు కుదుపుకూ పడవ ఊపుకూ సిరా ఒలకకుండా చేసిన ఏర్పాటు అది. మార్చి నెలలో మందిరం శతజయంతి జరిగింది. అతిథికి తాతగారి సిరాబుడ్డి చూపిద్దామని శ్యాంప్రసాద్ వేదిక పక్కనున్న బీరువా తెరిచారు. బుడ్డి లేదు. బీరువా తాళంచెవి ఒక్కటే. అది మందిరం ఊడ్చే కనకరత్నం దగ్గర ఉంటుంది. ఆ సంగతి ఆయన మైకులోనే చెప్పారు. మరునాడు ఉదయం ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, ట్రంకుపెట్టె వీధిలోకి లాగించి తెరిపించారు. బట్టల కింద సిరాబుడ్డి దొరికింది.

"తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టు, ఇక్కడితో వదిలేస్తాం అన్నామండి. పెట్టనంది."

"ఆమె దొంగ అని మీకు రూఢి అయినప్పుడు నా సంతకం దేనికి?"

"ఆవిడ పెట్టలేదు కాబట్టే మీది కావాల్సొచ్చింది మేడమ్," అన్నారాయన, నవ్వకుండానే.

నేను రెండు షరతులు పెట్టాను. నేను పరీక్షించేటప్పుడు కనకరత్నం ఎదురుగా ఉండాలి. నేను రాసేది ఎవరికి అనుకూలంగా వచ్చినా, కార్యదర్శి దాన్ని నలుగురిలో పైకి చదవాలి. ఆయన రెండింటికీ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఫలితం గురించి ఆయనకు అనుమానమేమీ లేదు.

గురువారం పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటేసరికే బోగీలో ఎండ వేడి మొదలయింది. మందిరం చేరేసరికి కనకరత్నం గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉంది. అరవై ఏళ్ల మనిషి. ఉతికి, మడత నలగకుండా కట్టిన చీర.

"లోపలికి రావేం?" అన్నాను.

"రావద్దన్నారండి అమ్మగారూ. నెల రోజులయింది."

ఆమెకు కుర్చీ వేయించిన తరువాతే నేను కూర్చున్నాను. శ్యాంప్రసాద్ సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టారు. దాని పక్కనే బీరువాలో ఉండే చీటీ కూడా పెట్టారు. '1902లో ప్లీడరు పరీక్షకు మద్రాసు వెళ్లినప్పుడు పంతులుగారు కొన్నది' అని ఆ చీటీలో ఉంది.

"ఇది నీదా?" అని కనకరత్నాన్ని అడిగాను.

"మా అత్తగారిదండి. వెంకటరత్నమ్మ. మిషనులో బైబిలు స్త్రీగా చేసేది. కాలవల్లో పడవ మీద ఊళ్లూళ్లూ తిరిగేది. ఆడోళ్లకి బైబిలు చదివి చెప్పేది, ఉత్తరాలు రాసిపెట్టేది."

శ్యాంప్రసాద్ అందుకున్నారు. "పడవల్లో తిరిగేవాళ్లకి ఇత్తడి సిరాబుడ్డేంటమ్మా? బొగ్గుముక్క చాలదూ?"

"బొగ్గుతో రాస్తే మీ తాతగారు చదివేవారా బాబూ? ఆయన దగ్గరకొచ్చిన దావా కాగితాలు సగం మా అత్త రాసినవేనంట. ఆమె రాత చూసి, ఈ గుమాస్తా ఎవరో బాగా రాస్తాడే అనేవారంట పంతులుగారు."

ఇద్దరినీ ఆగమని చెప్పి భూతద్దం తీశాను.

ఇత్తడి ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంది. పైమూత లోపలివైపు 'Rd' అనే రెండక్షరాలు, వాటి పక్కన ఆరంకెల సంఖ్య స్పష్టంగా ఉన్నాయి. ఇంగ్లండులో ఒక వస్తువు నమూనాను ఎవరూ నకలు చేయకుండా రిజిస్టరు చేసుకున్నప్పుడు ఇచ్చే సంఖ్య అది. 1884లో ఒకటితో మొదలుపెట్టి వరుసగా ఇస్తూ పోయారు గనుక, ఏ సంఖ్య ఏ సంవత్సరానిదో పట్టిక చూసి చెప్పవచ్చు. ఆ పట్టిక నా పుస్తకంలో రాసి ఉంది. దీని మీది సంఖ్య అయిదు లక్షల నలభై వేల పైచిలుకు. అంటే 1909. ఆ సంవత్సరానికి ముందు ఈ నమూనా లేదు.

"చీటీలో 1902 అని ఉంది. ఇది అప్పటికి పుట్టలేదు," అన్నాను.

శ్యాంప్రసాద్ వకీలు మనవడు. తడుముకోలేదు. "ఆ చీటీ మా నాన్నగారు రాశారు మేడమ్, జ్ఞాపకం మీద. ఏడేళ్లు అటూ ఇటూ అయుండొచ్చు. చీటీ తప్పయినంత మాత్రాన వస్తువు మాది కాకుండా పోతుందా?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఒప్పుకున్నాను. తారీఖు ఒక్కదాని మీద నిలబెట్టదగిన తీర్పు కాదు అది.

బుడ్డిని తిరగేశాను. అడుగున మేకుతో కొట్టినట్లు ఏడు చుక్కలున్నాయి. పైన నాలుగు, కింద మూడు.

"అదిగో, చూడండి. మా నంబరు కనపడకుండా పొడిచేసింది," అన్నారు శ్యాంప్రసాద్.

"మీరు వస్తువుల మీద నంబరు చెక్కిస్తారా?"

"అంటే, చెక్కించం గానీ..."

"నంబరే లేనప్పుడు దాన్ని పొడవడం ఎందుకు?" చుక్కల మధ్య దూరం సమంగా ఉంది. వాటి లోతులో ఉన్న ఇత్తడి చుట్టుపక్కల ఇత్తడి ఎంత నల్లబడిందో అంతే నల్లబడి ఉంది. నెల క్రితం కొట్టినవైతే లోపల ఇంకా పసుపుగా మెరుస్తూ ఉండాలి. ఈ చుక్కలు కొట్టి కొన్ని పదుల ఏళ్లయింది. అయితే అవి ఏమిటో నాకు తెలియదు. కనకరత్నానికీ తెలియదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నానని మాత్రం చెప్పింది.

"మీ తాతగారి వస్తువులు దసరాకు పూజలో పెడతారా?" అని అడిగాను.

"పెట్టకుండా ఎలాగండి. ఆయుధపూజ నాడు కళ్లజోడు దగ్గర్నుంచీ పెడతాం. మా నాన్నగారి హయాం నుంచీ ఒక్క ఏడు తప్పలేదు."

"ఇత్తడి ఎవరు తోముతారు?"

ఆయన కనకరత్నం వైపు చూశారు. ఆమె చెప్పింది. "నేనేనండి. చింతపండూ ముగ్గుపిండీ వేసి తోముతా. ఇరవై రెండేళ్లు. నాకు ముందు మంగమ్మ తోమేది. తోమీ తోమీ పంతులుగారి బుడ్డి మూలలు గుండ్రమైపోయినయ్యండి. లోపల అంకెలు సగం అరిగిపోయినయ్యి. దీని మూల చూడండి, చెయ్యి గీసుకుపోద్ది. ఆ రోజే చెప్పా, ఇది అది కాదు బాబూ, చేత్తో పట్టుకు చూడండీ అని. పట్టుకు చూసినోళ్లు లేరు."

మూల మీద వేలు పెట్టాను. ఆమె చెప్పింది నిజం. యాభై అరవై దసరాల చింతపండు రుద్దుడు తిన్న వస్తువు ఇలా ఉండదు. పైమూత మడతబందు సందులో సూది పెట్టి గీకి తెల్లకాగితం మీద రాల్చాను. ఎండిన సిరా పొడి తప్ప మరేమీ రాలలేదు. పసుపు గానీ కుంకుమ గానీ లేవు.

శ్యాంప్రసాద్ వంగి ఆ కాగితం చూశారు. తరువాత, "సరే మేడమ్. నాదొక్కటే ప్రశ్న. ఇది మాది కాకపోతే మాదెక్కడుంది? తాళంచెవి ఈవిడ దగ్గరే గదా? రెండో బుడ్డి ఉంటే చూపించమనండి," అన్నారు.

ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే. నేను కనకరత్నం వైపు తిరిగాను.

"ఉన్నచోట ఉందండి," అంది ఆమె. "ఉంచుకున్నోళ్లు చెప్పాలి."

"అంటే నీకు తెలుసన్నమాట. తెలిసిన నిజం దాచడం మంచితనం అనిపించుకోదు కనకరత్నం."

"మంచితనానికి కాదండి. ఇప్పుడు నేను పేరు చెప్తే అది నా మీద ఇంకో నేరం అవుద్ది. నింద వేశానంటారు. ఆ మనిషి నోటితో రావాలి."

నేను గట్టిగానే మందలించాను. ఆమె తల దించుకోలేదు, పేరూ చెప్పలేదు. సిరాబుడ్డి తీసుకుంటున్నట్లు రసీదు రాసి ఇచ్చి, దాన్ని సంచిలో పెట్టుకుని వెనక్కి బయలుదేరాను. ఏడు చుక్కల సంగతి తేలకుండా ఆ వస్తువు ఎక్కడిదో నేను రాయలేను. ఇంగ్లండులో తయారైందని మాత్రమే రాయగలను. రేపల్లెలో ఎవరి పెట్టెలోకి ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న.

శుక్రవారం బాపట్ల వెళ్లాను. అక్కడ ఎబినేజర్ అనే పెన్నుల మరమ్మతు పనివాడున్నారు. ఎనభై దాటిన మనిషి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక సందులో ఆయన బల్ల. మా బడి సిస్టర్ల పెన్నులన్నీ ఒకప్పుడు ఆయన దగ్గరికే వచ్చేవి.

"సీతారావమ్మగారా! రండి, రండి. మీ పెన్ను నాకు జ్ఞాపకమే. నిబ్బు ఎప్పుడూ ఎడమవైపే అరిగేది. ఎర్రసిరాతో తప్పులు కొట్టేవాళ్ల నిబ్బులన్నీ అంతే," అన్నారు.

నేను సంచిలోంచి సిరాబుడ్డి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన మీట నొక్కి, మూత లేచిన చప్పుడు విని తల ఊపారు. తిరగేశారు. చుక్కలు చూడగానే కళ్లజోడు పైకి నెట్టి వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"ఏడు. ఎవరిదండీ ఇది?"

"మీరు చెప్పాలని వచ్చాను."

ఆయన లేచి అటక మీద నుంచి ఒక చేతిలాంతరు దించారు. అడుగున బూడిదరంగు రేకు మీద నాలుగు చుక్కలున్నాయి. పైన రెండు, కింద రెండు. మేకు మొన వెడల్పు, చుక్కల మధ్య ఎడం రెండింటిలోనూ ఒకటే.

"ఇది మా అమ్మది. మా అమ్మ నాలుగో నంబరు బైబిలు స్త్రీ. మిషను దొరసాని ఒక్కొక్కరికి ఒక లాంతరు, ఒక గొడుగు, ఒక సిరాబుడ్డి ఇచ్చేది. ఎవరిది ఎవరికీ కలవకుండా నంబరు వేయించేది. అంకెలు రానివాళ్లు కూడా ఉండేవాళ్లు గదా, అందుకని చుక్కలు. వేలితో తడిమి పడవలో చీకట్లో కూడా చెప్పుకునేవారంట, ఇది నాది, అది నీదని."

"ఏడో నంబరు ఎవరు?"

"నాకు తెలీదండి. కాలవకి తూర్పున రేపల్లె వైపు తిరిగినవాళ్లకి ఆరు నుంచి పది వరకూ అని అమ్మ చెప్పేది. పేర్లు తెలీవు. నేను చెప్పగలిగింది అంతవరకే."

తెలియనిది తెలియదని చెప్పే సాక్షి దొరకడం అరుదు. ఆయన చెప్పింది చెప్పినట్లుగా పుస్తకంలో రాసుకున్నాను. లాంతరు అడుగు మీదా, సిరాబుడ్డి అడుగు మీదా పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్ది, రెండు అచ్చులూ తీసుకున్నాను.

ఎబినేజర్ నవ్వుతూ, "ఈ బుడ్లకి మళ్లీ మంచికాలం వచ్చినట్టుందే. ఏడాదికొకటి కూడా చూడనివాణ్ణి, రెండు నెలల్లో రెండు చూశా," అన్నారు.

"రెండోది ఎక్కడ?"

"ఇదిగో, నా డ్రాయర్లోనే. లోపలి గాజు పగిలింది. ఆ కొలత గాజు చెన్నై నుంచి తెప్పించా. వచ్చి పది రోజులయింది. ఆవిడకి రెండుసార్లు ఫోను చేశా. వస్తా వస్తా అంటారు, రారు."

ఆయన డ్రాయరు లాగి దాన్ని నా ముందు పెట్టారు.

బంగారంలా మెరుస్తున్న ఇత్తడి. నాలుగు మూలలూ నున్నగా, నదిలో రాయిలా అరిగి ఉన్నాయి. అడుగున చుక్కలు లేవు. మూత లోపల అంకెల్లో మొదటి రెండు మాత్రమే కనిపిస్తున్నాయి, మూడు, ఏడు. ఆరంకెల సంఖ్య మూడు, ఏడులతో మొదలైతే అది 1901. మరుసటి ఏడాది మద్రాసులో కొనడానికి సరిపోతుంది. చీటీ రాసిన పెద్దమనిషి జ్ఞాపకం సరయినదే. మడతబందు సందులో సూది పెట్టాను. కాగితం మీద ఎర్రగా పొడి రాలింది. కొత్త గాజు పైకి తీసి చూస్తే, అది కూర్చునే గుంట మూలలో పసుపు పట్టిన బియ్యపుగింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

సిరాబుడ్డిలోకి బియ్యం వచ్చే సందర్భం నాకు తెలిసి ఒక్కటే. పిల్లవాడికి బియ్యంలో అక్షరాలు దిద్దించే రోజున పళ్లెంలో పుస్తకం, పలక పెడతారు. వకీలుగారి వంశంలో ఆ పళ్లెంలో మరొక వస్తువు కూడా పెడుతూ ఉండాలి.

"ఎవరిచ్చారు ఇది?"

ఎబినేజర్ బుడ్డికి కట్టిన చీటీ విప్పి చదివారు. "ఉమారాణిగారు. వసంతపంచమి మర్నాడు ఇచ్చారు."

ఉమారాణి శ్యాంప్రసాద్ చెల్లెలు. పదో తరగతి వరకు నా దగ్గర చదివింది. బాపట్లలోనే ఉంటుంది. చీటీ మీద చిరునామా కూడా ఉంది. ఎబినేజర్‌కు రసీదు రాసిచ్చి రెండు సిరాబుడ్లూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

తలుపు తీసి నన్ను చూడగానే ఆమె పైట సర్దుకుంది. మనవడిని ఎత్తుకునే వయసు వచ్చినా, తరగతిలో పేరు పిలిచినట్లు నిలబడింది.

"కూర్చో," అన్నాను.

"పర్లేదు మేడమ్."

రెండు సిరాబుడ్లూ టీపాయి మీద పెట్టాను. ఆమె మెరిసేదాని వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

"మనవడి అక్షరాభ్యాసానికి తెచ్చాను మేడమ్. మా ఇంట్లో పిల్లలందరికీ తాతగారి సిరాబుడ్డి పళ్లెంలో పెట్టాకే అక్షరాలు దిద్దిస్తాం. అన్నయ్యనడిగితే బీరువాలోది బయటికి తియ్యకూడదని కమిటీ రూలు చెప్తాడు. అందుకని కనకరత్నాన్ని అడిగి తెచ్చుకున్నా. ఇదివరకు కూడా అలాగే తెచ్చాం, మా అక్క పిల్లలకి. రెండ్రోజుల్లో ఇచ్చేద్దామనుకున్నా. వాడు తీసి కింద పడేశాడు. గాజు పగిలింది. బాగుచేయించి ఇద్దామని..."

"శతజయంతి నాడు నువ్వు సభలో ఉన్నావా?"

"ముందు వరసలోనే ఉన్నా మేడమ్."

"మీ అన్నయ్య కనకరత్నం పేరు మైకులో చెప్పినప్పుడు?"

ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. "ఆ క్షణంలో లేచి చెప్పలేకపోయా. వచ్చిన పెద్దవాళ్లంతా ఉన్నారు. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నా. మర్నాడు అన్నయ్య ఫోను చేసి, దొరికింది, ఆవిడ పెట్టెలోనే దొరికింది అన్నాడు. అసలుది అక్కడ దొరికితే నాకిచ్చింది నకిలీదన్నమాట అనుకున్నా. నన్ను మోసం చేసిందని కోపం కూడా వచ్చింది."

"నమ్మావా?"

"నమ్మడానికి వీలుగా ఉంది మేడమ్."

అబద్ధాలు చెప్పే పిల్లలను నేను చాలామందిని చూశాను. ఇది అబద్ధం కాదు. అందుకే మరింత నిశితంగా అడగవలసి వచ్చింది.

"కనకరత్నం నీకు ఫోను చేసిందా?"

"చేసింది. నాలుగుసార్లు."

"ఎత్తావా?"

"కోపంగా ఉన్నా గదా మేడమ్. ఎత్తలేదు."

"మొదటిసారి ఎప్పుడు చేసింది?"

ఆమె మెరిసే సిరాబుడ్డిని టీపాయి అంచు నుంచి లోపలికి జరిపింది.

"నీ ఫోనులో ఉంటుంది. చూసి చెప్పు."

ఆమె ఫోను తీసి చాలాసేపు వెతికింది. "సభ రోజు. సాయంత్రం ఆరు ఇరవైకి."

"పెట్టె తెరిచింది?"

"మర్నాడు పొద్దున."

"అంటే మొదటి ఫోను వచ్చినప్పుడు నీ దగ్గరున్నది నకిలీదని నువ్వు అనుకోవడానికి కారణమే లేదు. అప్పటికి కోపం కూడా లేదు."

ఆమె అప్పుడు కూర్చుంది. ఏడ్చింది. నేను మంచినీళ్లు తెచ్చుకోమని చెప్పి, ఆమె వచ్చేదాకా ఆగి, తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టాను. జరిగింది జరిగినట్లుగా, తారీఖులతో, ఆ ఆరు ఇరవై ఫోనుతో సహా రాయమన్నాను. రాసి సంతకం పెట్టి ఇస్తూ, "అన్నయ్యకి నేను చెప్పుకుంటా మేడమ్. పైకి చదివే కాగితంలో మాత్రం నా పేరు వద్దు. ఎవరో బంధువులు తీసుకెళ్లారని రాయండి," అంది.

"నీ పేరు ఉండవలసిన చోట ఖాళీ వదిలితే, అందులో ఎవరి పేరు చదువుకోవాలో రేపల్లెకు నెల రోజులుగా అలవాటైంది," అన్నాను.

ఆదివారం కూర్చుని రెండు పేజీల నివేదిక రాశాను. మొదటి వస్తువు: ఇంగ్లండులో తయారైంది, 1909 నాటి నమూనా, ఒక మిషను తన బైబిలు స్త్రీలకు ఇచ్చిన వస్తువుల్లో ఏడో సంఖ్యది, చాలాకాలంగా తోమనిది, కనకరత్నం చెప్పిన సంగతులకు ప్రతి విషయంలోనూ సరిపోతున్నది. రెండో వస్తువు: 1901 నాటి నమూనా, ఏటేటా తోమి పూజించినది, మందిరం బీరువాలోది. అది బయటికి ఎలా వెళ్లింది, ఎవరి దగ్గర ఉండిపోయింది. కనకరత్నం కార్యదర్శికి చెప్పకుండా వస్తువు బయటికి ఇవ్వడం తప్పు అని కూడా రాశాను. అది ఆమె చేసిన తప్పు. అది దొంగతనం కాదు.

సోమవారం రేపల్లెలో శ్యాంప్రసాద్ ఆ కాగితాలు నిలబడే చదివారు. రెండో పేజీ సగానికి వచ్చేసరికి కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాచారు. చెల్లెలు ఆయనకు ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"మేడమ్, వస్తువులు తారుమారవడం వల్ల పొరపాటు జరిగిందని రాస్తే చాలదా? కనకరత్నానికి ఉద్యోగం ఇచ్చేస్తాం. దానికి కావాల్సింది అదే గదా."

"ఆమెకు ఏం కావాలో ఆమెనే అడుగుదాం," అన్నాను.

కనకరత్నం మెట్టు మీదే ఉంది. లోపలికి పిలిచి నివేదిక మొత్తం చదివి వినిపించాను. తన తప్పు గురించి రాసిన వాక్యం దగ్గర, "అవునండి, అది నిజం," అంది.

"కమిటీ వాళ్లందర్నీ పిలిపిస్తాను. ఇక్కడే హాల్లో చదువుతా. సరేనా?" అన్నారు శ్యాంప్రసాద్.

"హాల్లో వద్దండి."

నాకు ఆశ్చర్యమేసింది. నేను కోరిందీ హాలే. మైకు పెట్టించాలని కూడా అనుకున్నాను.

"హాల్లో మాటన్నారు, నిజమే. కానీ హాలుకొచ్చినోళ్లెవరూ మా వీధిలో ఉండరు. పెట్టె తెరిచింది మా వీధిలో. నా లోపల పావడాలు కూడా మట్టిలో పడేశారు. చదివితే అక్కడ చదవండి. మా వాళ్లు వినాలి."

శ్యాంప్రసాద్ నా వైపు చూశారు. నలుగురిలో చదవాలన్నది నేను పెట్టిన షరతు. ఏ నలుగురో నేను చెప్పలేదు. చెప్పే హక్కు నాకంటే ఆమెకే ఎక్కువ ఉందని అన్నాను.

ఆమె ఉండే వీధి చర్చి వెనక. పదకొండు గంటల ఎండలో మేం ముగ్గురం, ఆ రోజు పెట్టె లాగిన ఇద్దరు సభ్యులూ నడిచి వెళ్లాం. పిలవకుండానే జనం గుమ్మాల్లోకి వచ్చారు. శ్యాంప్రసాద్ కాగితాలు విప్పి చదవడం మొదలుపెట్టారు. కోర్టులో అర్జీ చదివే తీరులో, గబగబా చదువుతూ పోయారు.

ఎదురింటి అరుగు మీద నుంచి ఒక ముసలావిడ, "గట్టిగా చదువు నాయనా! ఆ రోజు గొంతు బాగానే లేచిందిగా," అని కేకేసింది.

"నీకు వినపడితే ఏంటి, వినపడకపోతే ఏంటి అత్తా, నీకు చెముడేగా," అన్నారెవరో.

"చెముడైతే మాత్రం! ఆ రోజు నాక్కూడా వినపడింది మరి!"

నవ్వులు లేచాయి. కనకరత్నం నవ్వలేదు. ఆయన గొంతు పెంచారు. చెల్లెలి పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగారు. నేను ఆయన పక్కనే నిలబడి, కాగితం మీద ఆ పేరున్న పంక్తి చూస్తున్నాను. చదివారు. ఆరు ఇరవై ఫోను సంగతి కూడా చదివారు. ఆ తరువాత వీధిలో నవ్వులు లేవు.

చదవడం అయిన తరువాత ఆయన ఏడు చుక్కల సిరాబుడ్డి ఆమె చేతికి ఇవ్వబోయారు. ఆమె చేతులు చాచలేదు.

"తీసుకున్న చోట పెట్టండి," అంది.

ట్రంకుపెట్టె గుమ్మం లోపలే ఉంది. మూత తెరిచి పట్టుకుంది. ఆయన చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్లి, మడతపెట్టిన చీరల మధ్య దాన్ని పెట్టారు. బయటికి వచ్చి నుదురు తుడుచుకున్నారు. ఆ మనిషి మీద నాకు జాలి కలగలేదు. అయితే ఆయన చేసింది తేలికైన పని కాదని మాత్రం గమనించాను.

"రేపటి నుంచి వస్తావా మరి?" అని అడిగారు.

"వస్తానండి. ఎవరో వేరే మనిషి నెల రోజుల్నుంచీ మూలలు వదిలేసి ఊడుస్తోంది. చూస్తూనే ఉన్నా."

ఆయన ముఖం తేటపడింది. జేబులోంచి బీరువా తాళంచెవి తీసి ఆమెకు అందించారు.

"అది వద్దండి," అంది కనకరత్నం. "ఊడుస్తా, తుడుస్తా, దసరాకి తోముతా. తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఈసారి మీ చెల్లెలుగారు మిమ్మల్నే అడుగుతారు. ఏదన్నా పోతే ఊరు కూడా మిమ్మల్నే అడుగుద్ది."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తాళంచెవి జేబులో వేసుకున్నారు.